డబ్బా అడుగున ఎర్ర పీచు

సరళా,

నువ్వు చేసిపెట్టిన లిప్ బామ్‌లో చివరి డబ్బా కూడా అయిపోయింది. నువ్వు పోయాక ఇది రెండో చలికాలం. కొనుక్కుందాంలే అన్నాను. మన అమ్మాయి ఒప్పుకోలేదు.

"నహీ నాన్నా, అమ్మ చేసినట్టే కావాలి. నేను చేస్తా" అంది.

మయూర్ విహార్‌లో మన వంటింట్లోనే పెట్రోలియం జెల్లీ కరిగించి, రంగు కోసం బీట్‌రూట్ రసం పోసింది. చల్లారేసరికి జెల్లీ పైన, రసం కింద విడివిడిగా నిలిచాయి.

"ఇది పెదాలకు రాసుకోవాలా, సలాడ్‌లో పోసుకోవాలా?" అన్నాను. తను నవ్వలేదు.

ఖాళీ డబ్బా కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూశాను. అడుగున ఎర్రటి వేరు పీచు ఒకటి అంటుకుని ఉంది. రోగన్‌జోష్ మాంసం కూరకు రంగు రావాలని నువ్వు తెచ్చే రతన్‌జోత్ అది. దాని రంగు నీళ్లలో దిగదు, నూనెలోనే దిగుతుంది. జెల్లీ కూడా నూనె జాతిదే.

ఈసారి జెల్లీ గిన్నెను వేడినీళ్లలో పెట్టి, కరిగిన జెల్లీలో బజారునుంచి తెచ్చిన ఆ వేళ్లు నానబెట్టి వడకట్టాం. నీ రంగే వచ్చింది.

"అచ్ఛా, అమ్మ ఎవరికీ చెప్పనిది ఇదా" అంది.

గిన్నెకు అంటుకున్నది నువ్వు పారేసేదానివి కాదు. నా పగిలిన మడమలకు రాసి, పెళ్లికొడుకు పారాణిలా ఉందని నవ్వేదానివి. పొడిబారిన కాలికి అలాగే రాస్తే పొడిదనాన్నే లోపల మూసిపెట్టినట్టని, ముందు కాలు తడపాలని కూడా చెప్పేదానివి.

అమ్మాయి ఆ గిన్నె పట్టుకుని వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. రెండో చేతిలో తడి తువ్వాలు ఉంది.