ముందు నీ స్నానం

అక్కా,
నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంట్లో కాలు నిలవక, ముదిగుబ్బ దగ్గర ఓ కుటుంబం తమ వేరుశనగ చేలోనే నడుపుతున్న ఖరీదైన హోటల్‌కు వచ్చాను. ఇక్కడా కుదురు లేదు. స్నానాల తొట్టి మంచమంత ఉంది. నిండా వేణ్ణీళ్లు పట్టాను గానీ దిగబుద్ధి కాలేదు. తొట్టిలో ముంచిన చెంబెడు నీళ్లు చల్లారాక, బయటికొచ్చి కరివేపాకు చెట్టుకు పోస్తుంటే యజమానురాలు చూసింది.

"ఏమ్మా, మా బోరులో నీళ్లు శానా ఉండాయి. ముందు నువ్వు పోసుకో."

చిన్నప్పుడు గంగాళంలో ముందు నువ్వు కూర్చునేదానివి. అవే నీళ్లు తర్వాత నాకు, చివరికి చెట్టుకు. నేను బయట తలుపు బాదేదాన్ని: "ఎంతసేపక్కా, నీళ్లు సల్లారిపోతాండాయి!"

ఇప్పుడూ స్నానాలగది తలుపు బయటే తువ్వాలుతో నిలబడ్డాను. తొందరేం లేదు, నిదానంగా పోసుకో.