అన్నకెట్ల చెప్పాలె

ఉమామహేశ్వర్ గారికి,

నాచారం శిక్షణ కేంద్రంలో మీ చెల్లెలు ధనశ్రీకి పాఠాలు చెప్పే టీచర్‌ని రాస్తున్నాను.

తను ఇంటర్ రెండుసార్లు తప్పాక మీరే మీ ఆటోలో తీసుకొచ్చి చేర్పించారు. ఆ రోజు తన పేరు అడిగితే మీరే చెప్పారు. నేనూ అదే రాసుకున్నాను, తనవైపు చూడకుండానే.

గురువారం ఉప్పల్‌లో మందుల షాపు ఇంటర్వ్యూకు తనకు తోడు వెళ్లాను. చదువెందుకు ఆగిందని ఓనరు అడగ్గానే, ఒంట్లో బాగోలేక అని నేనే అనేశాను.

"కాదు సార్, ఫెయిలైన. మళ్ల రాస్తున్న" అంది ధనశ్రీ. ఉద్యోగం ఇచ్చారు.

సోమవారం నుంచి పనికి బస్సులో ఒక్కతే వెళ్లాలని తన కోరిక. "కానీ ఆటో వద్దని అన్నకెట్ల చెప్పాలె మేడం? నాకోసం మస్తు కష్టపడ్డడు" అని ఏడ్చింది.

ఈ ఉత్తరం తన చేతికే ఇస్తున్నాను. తనే మీకు చెప్పగలిగితే దీన్ని చింపేయమన్నాను. మీరిది చదువుతున్నారంటే ఇంకా చెప్పలేదన్నమాట. కోప్పడకండి. సోమవారం ఎట్ల పోతవమ్మా అని మాత్రం అడగండి. ఎంతసేపైనా సరే, జవాబు మీరు చెప్పకండి.

ఇట్లు,
ధనశ్రీ వాళ్ల టీచర్