పడవవాడి స్టేట్‌మెంట్

1935 మార్చి 5, అమోయ్ రేవు, చైనా
పొద్దున జెట్టీ కింద తే చెంగ్‌హాక్ శవం తేలింది. పరదేశాలకి వలస వెళ్లేవాళ్లు దిగే సత్రం ఆయనది. శనివారం నుంచీ కనిపించడం లేదట. తల వెనక దెబ్బ. ఆయన్ని చివరిసారి ఎక్కించుకున్న పడవవాణ్ని పట్టుకొచ్చారు. పేరు ఓంగ్ టియామ్. ఇక్కడి పోలీస్ స్టేషన్ తెల్లదొరలది, ఇంటర్‌ప్రెటర్ డ్యూటీ నాదే. నాకేమో దవడపన్ను ఒకటే సలుపు.

సాయంత్రం
గంటలో అయిపోయింది. తే చెంగ్‌హాక్‌ని ఏం చేశావని ఇన్‌స్పెక్టర్ ప్రెస్‌కాట్ అడగమన్నాడు. అడిగాను. టియామ్‌ది ఉత్తరపు తీరం యాస, సగం మాటలు మింగేస్తాడు. నేనే పంపించేశానండీ అన్నాడు. ఆ మాటని ఊళ్లో రౌడీలు ఏ అర్థంలో వాడతారో అందరికీ తెలుసు. చంపేశానంటున్నాడని ఇంగ్లీషులో చెప్పాను. ప్రెస్‌కాట్ రాసుకున్నాడు. టియామ్ వేలిముద్ర వేశాడు. నేను బుగ్గన లవంగం పెట్టుకుని ఇంటికొచ్చాను.

మార్చి 6
పన్ను పీకించుకున్నాను.

మార్చి 8
తే బావమరిది లావ్ బున్‌ఖే స్టేషన్‌కి వచ్చాడు. సత్రం ఇప్పుడు అతనిదే. అందరికీ ఖరీదైన టీ పొట్లాలు పంచాడు. పడవవాణ్ని అవతలి ఒడ్డున చైనా కోర్టుకి ఎప్పుడు పంపుతారని మూడుసార్లు అడిగాడు. నేరం రుజువైతే అక్కడ కాల్చేస్తారు.

మార్చి 11
టియామ్ భార్య సుయికిమ్ చిలగడదుంప గంజి తెచ్చింది. లాకప్ ముందు నన్ను ఆపేసింది. మీరే కదా అయ్యా దొరకి చెప్పింది, మా ఆయన ఏమన్నాడో నాక్కూడా చెప్పండి అంది. చెప్పాను. ఏడవలేదు. మా మామగారు ముప్ఫై ఏళ్లు మనుషుల్ని పంపించాడు, ఈయన పదేళ్లుగా పంపిస్తున్నాడు, పెళ్లైనప్పుడు మా చెల్లెల్నీ ఈయనే పంపించాడు, అది ఇద్దరు పిల్లలతో శుభ్రంగా ఉంది అంది. మనిషిని ఓడకి చేర్చడాన్ని మీ పట్నంవాళ్లు ఏమంటారో చెప్పండి, నేర్చుకుంటాం అంది.


నాలుగు గంటలకి
లాకప్‌లోకి వెళ్లి నెమ్మదిగా అడిగాను. టియామ్ విసుక్కున్నాడు. స్వతౌ వెళ్లే స్టీమర్‌కి పంపించేశానని ఆ రోజే చెప్పాను కదండీ, నిచ్చెన ఎక్కేదాకా చూసి వచ్చేశాను అన్నాడు.
ఆ రోజు స్టీమర్ మాట అన్నాడా? అనే ఉంటాడు. నేను వినలేదు.

మార్చి 12
ప్రెస్‌కాట్‌కి చెప్పాను. సంతకాలైపోయాయి, ఇరవయ్యో తారీఖున విచారణ, ఇప్పుడు తప్పు చెప్పానంటే మీ ఉద్యోగం పోతుంది మిస్టర్ ఖూ, ఇది మనిద్దరి మధ్యే ఉండనీండి అన్నాడు. మర్యాదగానే అన్నాడు.
సరేనన్నాను. అన్నానని ఇక్కడైనా రాసుకోవాలి.

మార్చి 16
నిద్ర లేదు, తిండి లేదు. స్టీమర్ తిరిగొచ్చిందని తెలిసి సెలవు పెట్టి వెళ్లాను. ఎవరెక్కారో, ఎవరు దిగారో నిచ్చెన దగ్గర పుస్తకంలో రాస్తారు. రెండో తారీఖున తే నాలుగింటికి ఎక్కాడు. ఐదుంబావుకి లావ్‌తో, ఇద్దరు ఆడపిల్లలతో కలిసి సత్రం మోటారు లాంచిలోకి దిగాడు. అంటే టియామ్ వెళ్లిపోయాక గంటకి పైగా బతికే ఉన్నాడు.
స్టీమర్ డ్యూటీ ఆఫీసర్‌కి గుర్తుంది. పిల్లల్ని మేనకోడళ్లని చెప్పి లావ్ ఎక్కించాడట. తే వెనకాలే వచ్చి, వీళ్లు ఇతనికి ఏమీ కారు, అమ్మేయడానికి తీసుకెళ్తున్నాడని డెక్ మీద గొడవపెట్టి దింపించాడట.
ఆ పేజీకి నకలు రాయించి సంతకం చేయించుకున్నాను.

మార్చి 20
కోర్టుకి వెళ్లాను. ప్రెస్‌కాట్ నన్ను చూడనట్టే కూర్చున్నాడు. లేచి నిలబడి, మాట తప్పుగా చెప్పింది నేనని కోర్టు వాడే అధికార చైనీస్‌లో చెప్పాను. టియామ్‌కి ఆ భాష ఒక్క ముక్క రాదు. నా వైపు ఆశగా చూస్తూ నిలబడ్డాడు.
జడ్జి నకలు రెండుసార్లు చదివాడు. ఎన్నేళ్ల నుంచి ఈ పని చేస్తున్నావన్నాడు. పన్నెండేళ్లన్నాను. ఇప్పటికి ఎన్ని స్టేట్‌మెంట్లు చెప్పి ఉంటావన్నాడు. తెలీదన్నాను. వాటిలో ఇలాంటివెన్ని అన్నాడు.

మార్చి 23
జడ్జి సత్రం సోదా చేయించాడు. ఆ ఆడపిల్లలిద్దరూ వెనకగదిలో దొరికారు. లాంచిలో లావ్ పానాతో తే తల మీద కొట్టడం కళ్లారా చూశారట. లావ్‌ని అరెస్ట్ చేశారు. టియామ్‌ని వదిలేశారు. నన్ను పనిలోంచి తీసేశారు.

ఏప్రిల్ 3
సుయికిమ్ ఎండురొయ్యలు తెచ్చింది. కోర్టులో తనని కాపాడింది నేనేనని టియామ్ ఊరంతా చెప్పుకుంటున్నాడట. మొదట ఇరికించింది నేనేనని ఆవిడ అతనికి చెప్పలేదు. మీరూ చెప్పకండి, ఆయన కోపం మీకు తెలీదు అంది.
రొయ్యలు తీసుకున్నాను.

ఏప్రిల్ 9
టియామ్ పడవలో అవతలి ఒడ్డుకి బయల్దేరాను. సగం దూరంలో అతని యాసలోనే అంతా చెప్పేశాను. తెడ్డు ఆపాడు. పడవ దానంతటదే చాలాసేపు తిరిగింది. ఈతొచ్చా అని అడిగాడు. రాదన్నాను. అవతలి ఒడ్డు వైపే మళ్లీ తెడ్డు వేశాడు.