ఇరుసు కింద ఇటుకలు

మావయ్య గారూ,

మీరు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికకి వండి వడ్డించేసరికి నా నడుం పడిపోయింది. ఆ తర్వాత మీ అబ్బాయి మీ తోట ట్రాక్టరు బయటికి తీశారు.

వరద నీళ్లు చేరి పాడైన, ఆయిలు ఒత్తిడితో చక్రాల్ని తిప్పే దాని హైడ్రాలిక్ పంపుకి గుడివాడ మెకానిక్ సీళ్లు మార్చి, కొత్త ఆయిలు పోశాడు. ఇంజను స్టార్టయింది గాని బండి కదల్లేదు.

"ఇంక నా వల్ల కాదండీ," అన్నాడతను.

"పాత ఇనుముకి వేసేద్దాంలే," అన్నారు మీ అబ్బాయి నీరసంగా.

నేను గుమ్మంలో ఉన్నాను. మీరున్నప్పుడూ అక్కడే నిలబడేదాన్ని, మీ ఎదుట నోరు విప్పకుండా. ఆయిలు మార్చినప్పుడల్లా మీరు వెనక ఇరుసు కింద ఇటుకలు పెట్టి చక్రాలు గాల్లోకెత్తి, పెడలు ముందుకీ వెనక్కీ మెల్లగా తొక్కుతూ, "లోపల గాలుంటే కదలదు. ఇలా తియ్యాలి," అని ట్రాక్టరు వైపే చూస్తూ చెప్పేవారు.

"చక్రాలు ఎత్తండి. గాలి తియ్యాలి," అన్నాను.

"మీ ఆవిడకి మాటలొచ్చండీ!" అని మెకానిక్ నవ్వాడు.

పెడలు నేనే తొక్కాను. కాసేపటికి ఇటుకలు తీస్తే బండి కొబ్బరి చెట్ల దాకా వెళ్లింది.

మీలో మీరే మాట్లాడుకుంటున్నారనుకునేదాన్ని. నాకే చెప్పారని ఇవాళ తెలిసింది. విన్నానండీ, మావయ్య గారూ.