పై అంతస్తు మర్యాద

అన్నయ్యా,

ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాలు కోడి గెలికినట్టుంటాయి. తిట్టుకోకుండా చదువు. ఫోనులో చెబితే నువ్వు ఆ క్షణమే లిఫ్టెక్కి ఎవరినో ఒకరిని చంపుతావు. అందుకే ఉత్తరం.

మంగళవారం మన క్యాసినో ఇరవయ్యో అంతస్తులో, పెద్ద పందేలు కాసేవాళ్ల గదిలో షెన్ గారికి ముక్కలు పంచుతున్నాను. పొద్దుటి నుంచీ ఓడుతున్నాడు. లేవబోయి తూలాడు. పడిపోతాడని భుజం పట్టుకున్నాను. ఆడుతున్నవాడి భుజం తాకితే అదృష్టం పోతుందని మకావులో పసిపిల్లలకైనా తెలుసు, నా బుద్ధే గడ్డి తింది. "దరిద్రపుదానా, నన్ను ముంచుతావే!" అంటూ ఇనుప టీ కూజా ఎత్తి బల్లమీదున్న నా చేతిమీద దించాడు. మూడుసార్లు. మూడు వేళ్లు విరిగాయి. నెత్తురంటిన పేక తీసేసి కొత్త పేక తెచ్చారు.

మేనేజరు లియోంగ్ క్షమాపణ చెప్పింది నాకు కాదు, ఆయనకి. ఆయనకు సొరచేప సూపు తెప్పించి, నన్ను సామాన్ల లిఫ్టులో దించాడు. "తలుపు సందులో చెయ్యి నలిగిందని సంతకం పెట్టమ్మా. కింది హాల్లో మీ అన్న కూడా మన కాపలావాడే కదా, చల్లగా ఉండనీ" అన్నాడు.

వారం గడువిచ్చాడు, సంతకం పెట్టేస్తాను. నీ ఉద్యోగం నిలవాలి.

నీ చెల్లి,
సోక్ ఇ

పిచ్చి చెల్లీ,

నా ఉద్యోగం ఎలాంటిదో సిగ్గుతో నీకెప్పుడూ చెప్పలేదు. అదే మంగళవారం, సరిహద్దు అవతలి జుహాయ్ నుంచి క్యాసినో వాళ్ల ఉచిత బస్సులో వచ్చిన ఒక ముసలాయన కింది హాల్లో ఓడిపోయి బల్లని గుద్దాడు. ఒక్క గుద్దు, అంతే. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "ఆ బస్సు సరుక్కి కాస్త బుద్ధి చెప్పరా" అని అదే లియోంగ్ నాతో అన్నాడు. వెనక మెట్లమీదికి ఈడ్చుకెళ్లి మోకాలితో కడుపులో పొడిచాను. తల గోడకేసి కొట్టాను, పళ్లు రాలాయి. "తప్పయింది బాబూ, వెళ్లిపోతాను బాబూ" అంటూనే ఉన్నాడు. నేను ఆపలేదు. ఇంటికెళ్లి గంజి తాగి హాయిగా నిద్రపోయాను.

నీ ఉత్తరం చదివి షెన్‌ని నరకాలని లిఫ్టు దాకా వెళ్లాను. ఏ మొహం పెట్టుకుని నరకను? వాడు పైన చేసిందే నేను కింద చేశాను.

ఆస్పత్రికెళ్లి ముసలాయన మంచం పక్కన మోకరిల్లాను. మొహం తిప్పుకున్నాడు. అక్కణ్ణించి పోలీసుల దగ్గరికెళ్లి, ఎవరు చెబితే ఎవరిని ఎలా కొట్టానో అంతా రాసిచ్చాను. జైలు తప్పదు. ఇక నా ఉద్యోగం చూపించి నిన్ను ఎవరూ బెదిరించలేరు. ఆ కాగితం చింపి వాళ్ల మొహాన కొట్టు.

అమ్మకు నువ్వే చెప్పాలి. ముందు నేను చేసింది చెప్పు. ఆ తర్వాతే నీ చెయ్యి చూపించు.

మీ అన్న,
కామ్ వా