గేరు మేడం పొడుగు పాటల పంపకం

ఈ కాగితాలు చదవబోయే నా వారసులకు, వీటిని అమలు జరిపే బరువు నెత్తికెత్తుకున్న పళ్ళ డాక్టరుగారికి:

ఈ వీధిలో అందరూ గేరు మేడం అని పిలిచే నేను, డ్రైవింగ్ స్కూలు యజమానురాలిని, స్వబుద్ధితో, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. నా మతి గురించి మావాడికి అనుమానాలున్నాయని తెలుసు. ఇరవై నిమిషాల పాటను చివరిదాకా వినే మనిషికి ఎక్కడో ఒక మర వదులై ఉంటుందని వాడి సిద్ధాంతం. అందుకని డాక్టరుకు చూపించుకున్నాను. చూపు మందగించడం, మోకాళ్ళ నొప్పులు తప్ప వంక పెట్టడానికి ఇంకేమీ లేదని రాసిచ్చాడు. ఆ కాగితం దీనికి జతచేశాను. చూపు వల్ల ఈమధ్య బండి నడపడం మానేశాను. పక్కన కూర్చుని అరవడం మాత్రం మానలేదు.

ఇందులోని ఆస్తి అంతా నా స్వార్జితం, లేదా పోయిన మా ఆయన నుంచి నాకు సంక్రమించినది. ఆయన మెకానిక్కు. సగం జీవితం బండ్ల కింద, మిగతా సగం స్పీకర్ల ముందు గడిపాడు. ప్రోగ్రెసివ్ రాక్, ముద్దుగా ప్రోగ్, అనే పిచ్చిని ఈ ఇంటికి తెచ్చింది ఆయనే. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. అది తొందర లేని రాక్ సంగీతం. పాట బయల్దేరి, ఊరంతా తిరిగి, మధ్యలో తాళం మార్చుకుని, మనం దాని సంగతే మర్చిపోయాక ఇంటికొస్తుంది. అందులో మళ్ళీ శాఖలున్నాయి. ఒక్కో పాఠానికి ఒక్కో శాఖ పెట్టి నేను డ్రైవింగ్ నేర్పాను. పంపకం కూడా ఆ శాఖల ప్రకారమే.

1. సింఫనిక్ ప్రోగ్. పెద్ద పెద్ద కీబోర్డులు, వాన ముసురుకొస్తున్నట్టుండే మొదలు. హైవే పాఠానికి ఇదే పెట్టేదాన్ని. ఇది మా ఆయన శాఖ. ఈ కేసెట్లన్నీ, ఆయన స్పీకర్లతో సహా, మావాడికి చెందుతాయి. వాడికి మూడు నిమిషాల పాటే పొడుగు. అయినా వాడికే ఇస్తున్నాను. పసితనంలో జ్వరమొస్తే వాళ్ళ నాన్న భుజాన వేసుకుని ఈ కీబోర్డు పాట పెట్టేదాకా ఏడుపు ఆపేవాడు కాదు. వాడికి గుర్తులేదు, నాకుంది. నేను ఉంటున్న ఇల్లు, బ్యాంకులో ఉన్నదీ మావాడికీ కోడలికీ చెరిసగం.

2. ఫోక్ ప్రోగ్. వేణువు, మామూలు గిటారు, చలిమంట చుట్టూ కూర్చున్నట్టుండే పాటలు. వీటిని మా అక్కకి ఇస్తున్నాను. బండి నేర్చుకోకుండానే అందరి పాఠాలకూ వెనక సీట్లో కూర్చుని ఊరంతా తిరిగొచ్చిన ఘనురాలు ఆవిడ. ‘ఈ పాటల్లో పిల్లంగోవి ఒక్కటే మనిషి చప్పుడే, మిగతాదంతా బట్టలుతికే మిషనే’ అనేది. మా అమ్మ చేతి గడియారం ఆవిడ తీసుకుని, పెట్టుకోకుండా బీరువాలో దాచింది. ఆ గడియారం సంగతి ఇక ఎత్తను. ఎత్తనని చెప్పడం కూడా ఎత్తడమే అనుకుంటే నేనేం చేయలేను.

3. స్పేస్ రాక్. నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. మైదానంలో మొదటి పాఠానికి ఇదే పెట్టేదాన్ని. గిటారు ఎక్కడికో తేలిపోతూ ఉంటుంది, ఎవరికీ ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేదన్నట్టు డ్రమ్ము నడుస్తుంది. స్టీరింగును పీక పట్టుకున్నట్టు పట్టుకున్నవాళ్ళు కూడా కాసేపటికి వేళ్ళు వదులు చేసేవాళ్ళు. ఇవి ఏ మనిషికీ రాయడం లేదు. శిక్షణ కారుతోపాటే ఉండాలి, కారు ఎవరిదైతే వాళ్ళవి.

4. జాజ్ ఫ్యూజన్. ఈ కేసెట్లు, స్కూల్లోని తిరుగుడు కుర్చీ, మా ఆయన తమ్ముడికి, అంటే మా మరిదికి, సర్వహక్కులతో చెందుతాయి. మరిది మా స్కూల్లో రెండో గురువు. కోడలికి నేర్పింది నేను కాదు, ఆయనే. పక్కన అత్త కూర్చుంటే ఏ కోడలికి మాత్రం క్లచ్చు కనిపిస్తుంది? అందుకని ఆయనకు అప్పగించాను. ఆయనేం చేశాడయ్యా అంటే, ఏడు దెబ్బల తాళంలో నడిచే పాట ఒకటి పెట్టి, ఏడో దెబ్బకి గేరు మార్చమన్నాడు. ‘వదినా, లెక్కపెట్టుకోనక్కర్లేదు, కాలే నేర్చేసుకుంటుంది’ అని నాకు ఉపన్యాసం ఇచ్చాడు.

కాలు నిజంగానే నేర్చుకుంది. పరీక్ష రోజున పక్కన కూర్చున్న అధికారికి పాట నచ్చి ఆపమనలేదు, లైసెన్సు వచ్చేసింది. తర్వాతి వారం కోడలు మొదటిసారి ఒంటరిగా బయల్దేరింది. బ్రెడ్డు షాపు మలుపులో కేసెట్టు చుట్టుకుపోయి పాట ఆగిపోయింది. పిల్ల క్లచ్చు తొక్కిపట్టి, రాని ఏడో దెబ్బ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు. దాన్నే దెబ్బ అనుకుని కాలు వదిలేసింది. బండి ఒక్క ఎగురు ఎగిరి షాపు షట్టరును ముద్దుపెట్టుకుంది. ఎవరికీ గోరంత గాయం కాలేదు. కానీ వీధి వీధంతా నవ్వింది. మావాడైతే చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ ఘట్టాన్ని కాలితో సహా అభినయించి చూపిస్తున్నాడు. ఆనాటి నుంచి కోడలు స్టీరింగు ముట్టుకోలేదు. ఒరేయ్ నాన్నా, ఇక ఆ నాటకం కట్టిపెట్టు. ఇది కోరిక కాదు, ఈ దస్తావేజులో ఒక అంశం.

మరిదీ, నీమీద నాకు కోపం ఉంది. కుర్చీ ఇస్తున్నానని అది పోయిందనుకోవద్దు.

5. నియో ప్రోగ్. పాత బండికి కొత్త రంగు కొట్టించినట్టుంటుందని నా అభిప్రాయం. కాదు, అదీ అసలైనదేనని మరిది వాదన. దీనిమీద ఒక వేసవంతా మా మధ్య మాటల్లేవు, స్కూల్లో ఒకరికొకరం చీటీలు పంపుకున్నాం. ఈ కేసెట్లు బ్రెడ్డు షాపాయనకు ఇస్తున్నాను. షట్టరు వంగిన రోజున ఆయన బయటికొచ్చి ముందు కోడలికి మంచినీళ్ళిచ్చాడు, తర్వాతే షట్టరు వంక చూశాడు. పిండి పిసుకుతూ ఈ పాటలు కూనిరాగం తీస్తుంటాడు. అంత మంచి మనిషికి అభిరుచి కూడా ఉండాలని పట్టుబట్టడం అత్యాశ.

6. ప్రోగ్ మెటల్. కోడలికి. స్కూలు ఆఫీసులో ఒంటరిగా ఉన్నప్పుడు ఇదే పెట్టుకుంటుంది, కిటికీ అద్దాలు గజగజలాడుతుంటాయి. మాట మెత్తన, పాట మోత. నేను లోపలికి రాగానే తగ్గించేస్తుంది. తగ్గించవద్దమ్మా అని ఎప్పుడూ నోటితో అనలేదు, ఇప్పుడు రాతపూర్వకంగా అంటున్నాను.

7. డ్రైవింగ్ స్కూలు, దాని గది, బోర్డు, శిక్షణ కారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మావాడు పనిచేసేది ఫ్రిజ్జుల షోరూములో. ‘అమ్మా, ఇప్పుడందరూ ఫోన్లోనే బండి పిలుచుకుంటున్నారు, ఇంకెవరొచ్చి నేర్చుకుంటారే’ అని, ఆ గదిని షోరూముకు గోడౌనుగా ఇవ్వాలని వాడి ఆలోచన. నేను కట్టిన స్కూలు ఫ్రిజ్జులతో నిండిపోవడం తలుచుకుంటేనే నాకు చలేస్తుంది. స్కూలు నడపడం కోడలికి కొట్టిన పిండి. ఏ విద్యార్థికి వంతెన ఎక్కాలంటే భయమో, ఎవరికి వీపు వెనక దిండు కావాలో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. కానీ బండెక్కనని భీష్మించుకున్న మనిషి ఇంకొకరిని ఎక్కమని ఎలా చెబుతుంది? ఆమె లైసెన్సు గడువు తీరిపోకుండా నేనే వెంటపడి కొనసాగిస్తూ వచ్చాను.

కాబట్టి షరతు ఇది. నా తదనంతరం ఏడాదిలోగా కోడలు శిక్షణ కారును స్కూలు నుంచి బ్రెడ్డు షాపు మలుపు దాటి నడిపితే, ఈ నాలుగూ ఆమెకు దఖలు పడతాయి. నడపకపోతే మావాడి ఇష్టం.

8. అవాంట్ ప్రోగ్. సామాను గది తలుపు తీయగానే అన్నీ మీద పడ్డట్టుండే శాఖ. నా దగ్గర స్టీరింగు నేర్చుకుని, నా పళ్ళు పీకి ఆ రుణం తీర్చుకున్న పళ్ళ డాక్టరుగారికి, ఈ వీలునామా అమలు జరిపినందుకు కృతజ్ఞతగా. ఆసుపత్రిలో ఇవి పెడితే డ్రిల్లు చప్పుడెక్కడ ఆగిందో, పాటెక్కడ మొదలైందో రోగికి తెలియదని ఆయనే అన్నారు.

9. నన్ను సాగనంపే రోజున ఏదో ఒక పొడుగు పాట పెట్టండి. మధ్యలో ఎవరూ ఆపకూడదు, ఇంకెంతసేపు అని మావాడు అడగకూడదు.

10. ఈ అంశాన్ని రిజిస్ట్రేషన్ ఆఫీసు బల్ల మీద నా చేత్తో రాస్తున్నాను. పై తొమ్మిదీ నేను చెబుతుంటే కోడలు కంప్యూటరులో కొట్టింది. ఏడో అంశం దగ్గర ఒక మాట తప్పు కొట్టి చెరిపింది. తల ఎత్తకుండా మళ్ళీ కొట్టుకుపోయింది. ఈ రోజు మమ్మల్ని ఇక్కడికి మరిది తీసుకురావాల్సింది. కంటి డాక్టరు చుక్కలు వేశాడట, ‘వదినా, లోకమంతా మసగ్గా ఉంది, రేపెళ్దాం’ అని ఫోను చేశాడు. సరేనన్నాను. కోడలు కాగితాలు కవరులో పెట్టి, మేకుకున్న తాళంచెవి తీసింది. ‘మీరు పోయాక నడిపితే మీరు చూడరు కదండీ అత్తయ్యా’ అంది. అంటూనే వెళ్ళి బండి తలుపు తీసింది.

పాట పెట్టనా అని అడిగితే వద్దంది. బ్రెడ్డు షాపు మలుపులో రెండో గేరులోకి మార్చింది, దేనికోసమూ ఎదురుచూడలేదు. మలుపు దాటాక, ‘ఇప్పుడు మీకిష్టమైంది పెట్టుకోండి’ అంది. నాకు ఏ శాఖ పెట్టాలో తోచలేదు. ఇంజను చప్పుడే వింటూ కూర్చున్నాను. కళ్ళు తుడుచుకుంటుంటే ‘ఓరకంటికి కనిపిస్తోందండీ’ అని నవ్వింది.

కనుక ఏడో అంశంలోని షరతును ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. స్కూలు, గది, బోర్డు, కారు ఏ షరతూ లేకుండా కోడలివే, అదీ నేను పోయేదాకా ఆగక్కర్లేకుండా, ఈ రోజు నుంచే. దానికి వేరే కాగితం రాయాలని ఇక్కడి గుమాస్తా అంటున్నాడు. అదీ రాస్తాను.

ఇంకొక్క మాట. శిక్షణ కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, గురువు కాలి కింద. వచ్చేటప్పుడు దారిపొడుగునా నా కాలు దానిమీదే ఉంది. కోడలు బయట రెండు లారీల మధ్య బండి ఒద్దికగా పెట్టుకుని నాకోసం చూస్తోంది. సంతకం చేసి వెళ్తాను. ఇంటికి వెనక సీట్లో కూర్చుని వెళ్తాను.

తేదీ: ఫిబ్రవరి పదకొండు, మధ్యాహ్నం.

(సంతకం)
గేరు మేడం, డ్రైవింగ్ స్కూలు మాజీ యజమానురాలు

సాక్షులు, ఇద్దరూ నా దగ్గరే బండి నేర్చుకున్నవారు, ఈ వీలునామాలో పైసా వాటా లేనివారు:
1. (సంతకం) కళ్ళజోళ్ళ షాపు యజమాని
2. (సంతకం) పోస్టాఫీసు కౌంటరు అమ్మాయి