సలోమి పుట్టిన తేదీ

వట్లూరు,
9-4-2007.

కోచ్ మేడమ్ గారికి,

మీ ఫుట్‌బాల్ క్యాంపులో ఉన్న గోల్‌కీపర్ సలోమి వాళ్ళ అమ్మనండీ. మీరు తెలుగువారేనని మా అమ్మాయి చెప్పబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను.

శనివారం అది ఫోన్ చేసి, "అమ్మా, ఈ పదహారేళ్ళలోపు వాళ్ళ టోర్నమెంటులో మన దేశం అమ్మాయిలు ఇంతవరకు ఒక్క మ్యాచ్ కూడా నెగ్గలేదంట. ఈసారి నెగ్గుతాం చూడు" అంది. ఆ వెంటనే, "వెళ్ళేముందు వయసు చూడ్డానికి మణికట్టుకి ఎక్స్‌రే తీస్తారంట" అంది. అప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు.

సర్టిఫికెట్‌లో ఉన్నది దాని అసలు పుట్టిన తేదీ కాదండీ. బడిలో వేసేటప్పుడు, గవర్నమెంటు ఉద్యోగానికి పనికొస్తుందని నేనే ఒక ఏడాది తగ్గించి రాయించాను. నిజానికి దానికి పదహారు దాటిపోయాయి. ఈ సంగతి దానికి తెలియదు.

ఎక్స్‌రేలో బయటపడితే పిల్లను దొంగలా చూస్తారేమో. బయటపడకుండా వెళ్ళి నెగ్గితే, తరవాత ఎవరైనా కనిపెట్టి ఆ పిల్లలందరి గెలుపూ రద్దు చేసేస్తారేమో.

మా పాస్టరు గారిని అడిగితే, "ఉన్నది ఉన్నట్టు రాసి పంపెయ్యమ్మా" అన్నారు. దాని అసలు తేదీ ఉన్న చర్చి బాప్తిస్మం రిజిస్టరులోని పేజీ జిరాక్సు ఇందులో పెట్టాను.

దాన్ని టీములోంచి తీసేయక తప్పదని తెలుసు. కారణం మాత్రం నలుగురిలో చెప్పకండి. శుక్రవారం ఏలూరులో రైలెక్కుతున్నాను, దానికి నేనే చెబుతాను. విన్నాక అది నా మొహం చూడదేమో. అప్పుడు మీరు కాసేపు దాని పక్కన కూర్చోండి మేడమ్.

ఇట్లు,
సలోమి అమ్మ.